బొమ్మలో లేని అమ్మ

ఆక్లాండ్‌లో నేను చేసిన ఉద్యోగాల్లోకెల్లా సుఖమైనది ఆర్ట్ గ్యాలరీలో కాపలా. గోడకు ఆనకూడదు, కూర్చోకూడదు, ఎవరైనా బొమ్మ మీదికి వంగితే "ఒక్క అడుగు వెనక్కి, ప్లీజ్" అని ఇంగ్లీషులో అనాలి. ఇందుకోసమే కదా సముద్రాలు దాటొచ్చి మాస్టర్స్ చదివింది.

ఆ చలికాలం నా డ్యూటీ ఇంప్రెషనిస్టు చిత్రకారుల గదిలో పడింది. గోడల నిండా తల్లులూ పిల్లలూ. ఒకామె బిడ్డ తల తుడుస్తోంది. ఒకామె ఉయ్యాల పక్కన కూర్చుని నిద్రపోతున్న పిల్లను చూస్తోంది. మరొకామె పిల్లను ఒళ్ళో పెట్టుకుని పాదాలు కడుగుతోంది. దేవుళ్ళు లేరు, రాజులు లేరు, రోజూ ఇంట్లో జరిగే పనులే. చూడ్డానికి వచ్చినవాళ్ళు కరిగిపోయేవారు. నాకు మాత్రం ఏమీ అనిపించేది కాదు.

నా కూతురు అప్పటికి ఏడాదిగా భీమవరంలో మా అత్తయ్య దగ్గర ఉంది. పురిటికి వచ్చినావిడ, పిల్లకు ఏడో నెల రాగానే తనతో తీసుకెళ్ళింది. నాకు పగలు షిఫ్టు, మా ఆయనకు రాత్రి షిఫ్టు. మాలాంటి వాళ్ళు చాలామంది చేసే పనే.

"ఒక్క ఏడాదే కదమ్మాయ్, ఇట్టే గడిచిపోద్ది" అంది అత్తయ్య. నేను సరేనన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు కాబట్టి తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేకుండా పోయారు.

వాళ్ళను విమానం ఎక్కించి వచ్చిన మర్నాటికి పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. పాలు ఇంకిపోవడానికి గుండెలకు మల్లెపూలు కట్టుకోమని అత్తయ్య ఫోన్లో చెప్పింది. మేముండే మౌంట్ రాస్కిల్‌లో, అదీ జూలై చలిలో, మల్లెపూలెక్కడివి? పక్క ఫ్లాట్ కివీ ఆవిడ క్యాబేజీ ఆకులు పెట్టుకోమంది. నాలుగు రోజులు కూర వాసనేసుకుంటూ తిరిగాక పాలు ఆగాయి. వాటితోపాటు ఇంకేదో కూడా ఆగింది. పంటి డాక్టరు ఇంజెక్షన్ చేశాక దవడ ఎలా ఉంటుందో, లోపలంతా అలా మొద్దుబారిపోయింది.

శనివారం పొద్దున్నే శాండ్రింగ్‌హామ్‌లో మనవాళ్ళ కొట్లో సరుకులు కొంటుంటే అక్కడి ఆంటీ అడిగేది, "పాపేదమ్మా?" అని.

"నిద్రపోతోంది ఆంటీ."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పైగా అది అబద్ధమూ కాదు, భీమవరంలో అప్పటికింకా తెల్లవారేది కాదు.

గ్యాలరీ గదిలో ఒక మూల తోటలో కూర్చుని బిడ్డకు పాలిస్తున్న ఆడమనిషి బొమ్మ ఉండేది. మొహాలు సరిగా తెలియవు, ఎవరో తరుముతుంటే వేసినట్టు అన్నీ తెల్లని, పచ్చని గీతలు. ఒకరోజు ఒక ముసలావిడ దాని ముందు నిలబడి, "తల్లి ప్రేమంటే ఇదీ" అని నాతో అంది. ఆవిడ వెళ్ళాక పక్కనున్న చీటీ మొదటిసారి చదివాను. పాలిస్తున్నది తల్లి కాదట, జీతానికి పెట్టుకున్న దాది. తల్లి ఆ బొమ్మ వేసినావిడ. అంటే సరిగ్గా నేను నిలబడ్డ చోట, చేతిలో కుంచెతో నిలబడి, వేరొకరి ఒళ్ళో తన బిడ్డను చూస్తూ ఉంది.

లంచ్‌లో అత్తయ్య వీడియో కాల్ చేసింది. ఒళ్ళో పిల్ల, చేతిలో పాలగ్లాసు. "అదిగో అమ్మ, చూడవే" అంటోంది. ఎప్పటిలాగే స్క్రీన్‌షాట్ తీశాను. అలాంటివి నా ఫోన్లో వందలున్నాయి. అన్నిట్లోనూ నేను పైన మూలన తపాలా బిళ్ళంత ఉంటాను. ఆ చిత్రకారిణికేం, కుంచె కింద పెట్టి నాలుగడుగులు వేస్తే బిడ్డ దొరుకుతుంది. నా పిల్ల తిరిగొచ్చాక నన్ను అమ్మ అనుకుంటుందా, అనుకోదా? నాకున్న భయం అదొక్కటే. ఆ భయం కూడా చప్పగానే ఉండేది.

ఏడాది అనుకున్నది పధ్నాలుగు నెలలైంది. సెప్టెంబరులో అత్తయ్యకు వీసా వచ్చింది. విమానం దిగగానే వైఫై పట్టించి మెసేజ్ పెట్టింది. కాసేపటికి పిల్లను చంకనేసుకుని బయటికొచ్చింది. మా ఆయన ట్రాలీ అందుకున్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను.

"అమ్మ ఏదే తల్లీ?" అని అడిగింది అత్తయ్య.

పిల్ల నన్ను చూసింది. తర్వాత నానమ్మ సంచిలో చెయ్యి పెట్టి ఫోన్ బయటికి తీసి, "అమ్మ" అని చూపించింది.

మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకు చేశానో తెలియదు, అక్కడే నిలబడి ఆ ఫోన్‌కి వీడియో కాల్ చేశాను. తెరమీద నన్ను చూడగానే పిల్ల పళ్ళన్నీ బయటపెట్టి నవ్వి, ఫోన్ అద్దానికి ముద్దు పెట్టింది. నేను ఒక్క అడుగు దూరంలో ఉన్నాను. నన్ను చూస్తే నా కూతురు ఎలా నవ్వుతుందో పక్కన నిలబడి చూశాను.

అత్తయ్య మొహం మారిపోయింది. ఫోన్ లాక్కుని కాల్ కట్ చేసింది. "చాల్లే. ఇదిగో, పట్టుకో. ఏడుస్తాది, ఏడవనీ. నువ్వు మాత్రం వదలకు" అని పిల్లను నా చేతుల్లో పెట్టేసి, రెండడుగులు వెనక్కి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

పిల్ల ఎయిర్‌పోర్టు దద్దరిల్లేలా ఏడ్చింది. విల్లులా వెనక్కి వంగి, బూటుకాలితో నా రొమ్ము మీద ఫెడేలుమని తన్నింది.

"అబ్బా!" అన్నాను. నొప్పి పుట్టింది. పధ్నాలుగు నెలల తర్వాత అక్కడ నాకు నొప్పి తెలిసింది. మళ్ళీ తన్నింది. నేను వదల్లేదు.