మాస్టరక్క రెండు చేతులు

మా తోడికోడలిని దుకాణంలో అందరూ మాస్టరు అంటారు. నాకు మాత్రం అక్క. నేను గుండీలు కుడతాను, ఆమె గుడ్డ కోస్తుంది. మెడలో టేపు వేసుకుని బల్ల ముందు నిలబడిందంటే ఎలాంటి ఒంటికైనా నప్పేలా కోయగలదు. కానీ నవ్వొస్తే చాలు, చెయ్యి నోటికి అడ్డం వెళ్లేది. ముందు పళ్లు ఒకదాని మీదొకటి ఎక్కి ఉండేవి. చిన్నప్పుడు ఎవరో వెక్కిరించారట. వాళ్లు ఎదురుపడితే నాలుగు దులిపేద్దామని నాకు ఇప్పటికీ ఉంది.

కుట్టు నేర్పే కేంద్రం వాళ్లు కటింగ్ పాఠాలు చెప్పమని ఆమెను ఏటా అడిగేవారు. ఏటా ఏదో సాకు చెప్పి తప్పించుకునేది. గుడ్డ పరిచి, మడత పట్టి, కోసి చూపించాలంటే రెండు చేతులూ కావాలి, నోటికి అడ్డం పెట్టుకోవడానికి మూడోది లేదు. ఆ పనంటే ఆమెకు ప్రాణం. కాదని చెప్పొచ్చిన రోజు మాత్రం పొద్దుపోయేదాకా పాత కాగితాలు కోస్తూ కూర్చునేది.

"ఈసారైనా వెళ్లక్కా," అన్నాను.

"పళ్లు సరిచేయించుకుని వెళ్తానే," అంది.

నేను నమ్మలేదు. వారం తిరక్కుండానే పళ్ల డాక్టరమ్మ దగ్గర కూర్చుంది.

డాక్టరమ్మ తీగలు కట్టలేదు. పళ్ల కొలతలు తీయించి, వాటికి సరిగ్గా పట్టే పలచని తొడుగులు వరసగా చేయించింది. పెట్టుకుంటే కనిపించవు. పట్టు కోసం కొన్ని పళ్ల మీద పంటి రంగు బొడిపెలు అంటించింది.

"తినేటప్పుడు, తోముకునేటప్పుడు తప్ప తియ్యొద్దమ్మా. అవి ఉండగా మంచినీళ్లే తాగాలి. కొత్తది మార్చినప్పుడల్లా కొన్నాళ్లు నొప్పిగా ఉంటుంది. మాట కూడా మొదట్లో తేడాగా వస్తుంది."

"బిగుతైన బట్ట వదులు చెయ్యడం ఎరుగుదును గానీ, బట్టకు తగ్గట్టు ఒళ్లు సర్దుకోవడం ఇప్పుడే చూస్తున్నా," అంది అక్క.

మాట నిజంగానే తడబడింది. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది! ఈ వయసులో అవసరమా?" అన్నారు అక్క భర్త, మా బావగారు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం గుడ్డ కోస్తూ గోడ మీది క్యాలెండరును పైకి చదవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు నాలుక దారికొచ్చింది.

అసలు చిక్కు మరొకటి. పంటితో దారం కొరకడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. ఓసారి మరిచిపోయి కొరికితే తొడుగు ఊడొచ్చింది గానీ దారం తెగలేదు. ఇక మెడలో టేపుతో పాటు చిన్న కత్తెర కూడా వేలాడింది.

ఓ మధ్యాహ్నం మాత్రం కొంప మునిగింది. తొడుగు దాచుకోమని డాక్టరమ్మ ఇచ్చిన డబ్బీలో అక్క గుండీలు పోసి పెట్టుకుంది! తినేటప్పుడు తొడుగును గుడ్డ పీలికలో చుట్టి బల్ల మీద పెట్టేది. ఎవరో ఊడ్చేసి పీలికల బస్తాలో పడేశారు. బస్తా బోర్లించి దుకాణమంతా నేల మీద కూర్చున్నాం. చివరికి దొరికింది ఎవరికనుకున్నారు? వెక్కిరించిన బావగారికే. కడిగి తెచ్చి ఇచ్చారు, డబ్బీలో గుండీలు కూడా ఖాళీ చేశారు.

తొడుగులన్నీ అయ్యాక, ఒక పన్ను ఇంకా మొండికేసిందని డాక్టరమ్మ మరికొన్ని తొడుగులిచ్చింది. ఆ రోజు అక్క ఏడ్చింది. మర్నాడు కొత్తది పెట్టుకుని పంటి బిగువున పనిలో పడింది. చివరికి బొడిపెలు తీసేశారు. ఇక రాత్రిపూట ఒక తొడుగు పెట్టుకుంటే చాలు, మానేస్తే పళ్లు పాత చోటికే బయల్దేరతాయట.

ఆ ఏడు కేంద్రం వాళ్లు అడగక ముందే అక్క వెళ్లి అడిగింది.

మొదటి పాఠానికి నేనూ, బావగారూ వెనక బల్ల మీద కూర్చున్నాం. అక్క గుడ్డ పరిచి చొక్కా చేతులు కోయడం చూపించి, ఒకమ్మాయిని కొయ్యమంది. ఆ పిల్ల మహా శ్రద్ధగా రెండూ కుడివైపువే కోసింది.

"ఎడమ చెయ్యి ఇంట్లో పెట్టొచ్చే మనిషికా ఇది?" అంది అక్క.

గది ఘొల్లుమంది. అక్క కూడా పళ్లన్నీ కనిపించేలా పగలబడి నవ్వింది.

"నవ్విన నాపచేనే పండింది, చూశారా బావగారూ?" అన్నాను. ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు. ఎదురుగా అక్క ఇంకా నవ్వుతూనే ఉంది, రెండు చేతులతో గుడ్డ పట్టుకుని.