తోకచుక్కకు తోక

రాసుకో. మధ్యలో ఆపి అడగకు, నేను మర్చిపోతాను.

అప్పుడు కిషన్‌బాగ్‌లో ఉండేవాళ్లం. మీ తాత ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఆదివారం మధ్యాహ్నం మా ముందుగదిలో ఏడెనిమిది మంది చేరేవాళ్లు. రాకెట్లు, వేరే లోకాలు, చంద్రుడి మీద కాపురాలు, ఇలాంటి కథలంటే వాళ్లకి పిచ్చి. దానికో క్లబ్బు. క్లబ్బులో ఎవరికీ సొంత పేరు ఉండదు. బట్టతలాయన నిండుపున్నమి. అందరి మీదా అజమాయిషీ చేసే బ్యాంకు గుమాస్తా కంట్రోల్ రూం. షిఫ్టు దిగి, సొంతింట్లో మీటింగుకే ఆఖర్న వచ్చే మీ తాత తోకచుక్క. ఆయన భార్యను కాబట్టి నేను తోక. మొదట్లో నేనూ నవ్వాను.

చాయ్‌ని ఇంధనం అనేవాళ్లు. "వదినా, ఇంధనం ఖతమైంది" అంటే నేను మళ్లీ పొయ్యి వెలిగించాలి.

వాళ్లకో చేతిరాత పత్రిక ఉండేది. కథ కింద క్లబ్బు పేరే పెట్టాలని రూలు. నేనూ ఒక కథ రాశాను. చంద్రుడి మీద ఒకటే నల్లా, దాని ముందు బిందెల వరస. మా గల్లీలో రోజూ చూసే లొల్లే. ఒకామె అందరినీ నెట్టుకుని ముందుకొస్తుంది. అక్కడ బరువు తెలియదు కదా, నిండిందనుకుని ఖాళీ బిందె మోసుకుపోతుంది. కింద 'తోక' అని పెట్టాను.

కంట్రోల్ రూం రెండుసార్లు చదివాడు. "వదినా, గిది వారపత్రికకు పంపుదాం" అన్నాడు. నెల్లాళ్లు పోస్టుమ్యాన్ సైకిలు బెల్లు కోసమే చెవి పెట్టుకుని ఉన్నాను.

అచ్చయింది. ఒక్క అక్షరం మారలేదు. కింద మీ తాత పేరు.

"ఏందన్నా గిది?" అని కంట్రోల్ రూంని అడిగాను.

"వాళ్లు అసలు పేరు గావాలన్నరు వదినా. తోకంటే తోకచుక్కదే గదా. అన్న పేరు రాసిన."

మీ తాత వైపు చూశాను.

"నా పేరుంటే నీ పేరు లేనట్టేనా? గింత దానికి ఫికర్ ఎందుకే?" అన్నాడు.

నిండుపున్నమి అప్పటికే పూలదండ తెచ్చాడు. మీ తాత మెడలో వేసి ఇంధనం అడిగారు. ఇచ్చాను. చక్కెర వేయలేదు. ఒక్కరూ ఏమీ అనలేదు.

తర్వాత పత్రికవాళ్లు ఇంకో కథ అడిగారు. మీ తాత రెండు వారాలు కాగితం ముందు కూర్చుని, చివరికి వంటింట్లోకి వచ్చాడు.

"ఇంకొకటి రాసియ్యే. ఇజ్జత్ పోతది."

"తోకకు రాయొస్తదా?" అన్నాను.

రాయలేదు. ఆయన ఇజ్జత్ ఏమీ పోలేదు. డ్యూటీతో తీరిక లేదన్నాడు, అందరూ నమ్మారు. నా తలలో ఇంకో మూడు కథలుండేవి. ఇప్పుడు వాటి మొదళ్లు కూడా గుర్తు లేవు.

మొన్న ఆయన సంవత్సరీకానికి కంట్రోల్ రూం వచ్చాడు, కర్ర పట్టుకుని. "అన్న ఆ నల్లా కథ మస్తు రాసిండు వదినా" అన్నాడు.

విస్తరి ముందున్న మనిషిని ఏమంటాం. ఇంకాస్త పప్పు వేయమంటారా అని అడిగాను.