ట్యూషన్ ఫీజుకి కెటిల్ పని

1986లో హిందీ మాట్లాడే రాష్ట్రంలో, భన్‌పురిలోని ఒక ఉసనా మిల్లులో, అంటే ఉప్పుడు బియ్యం చేసే మిల్లులో, నన్ను కళ్లం పని నుంచి కెటిల్ పనికి మార్చారు. మార్చమని అడిగింది నేనే. నాకు సంతకం వరకే వచ్చు, అందుకని ఇది నోటితో చెప్పి రాయిస్తున్నాను.

మిల్లులో ఆడకూలీని రేజా అంటారు. రేజాల మీద పని చేయించే ముకద్దం, అతని మీద లెక్కలు చూసే మునీమ్, ఆయన మీద మిల్లు యజమాని సేఠ్. నానిన వడ్లను కెటిల్ అనే పెద్ద ఇనుప డబ్బాలో పోసి, మూత బిగించి, బాయిలరు నుంచి ఆవిరి పట్టిస్తారు. ఉడికాక అడుగు తలుపు తీస్తే వడ్లు పొగలు కక్కుతూ కిందికి దూకుతాయి. వాటిని సిమెంటు కళ్లం మీద పరిచి, కాళ్లతో తిరగేసి ఆరబెట్టాలి. అదే మిల్లులో పనిచేసిన నా భర్త పోయాక, సొంతూరు విజయనగరం తిరిగి వెళ్లకుండా ఆ కళ్లం మీదే బతికాను. తలుపు తీసే పనికి కూలి ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఎవరూ నిలిచేవారు కాదు. నాకు ముందు చేసినామె మోకాళ్ల కింద చర్మం కాలి ఊడిపోయి ఇంటికి వెళ్లింది.

ఆ ఏడు నా కూతురు పార్వతికి ఎనిమిదో తరగతి బోర్డు పరీక్ష. లెక్కల్లో తప్పుతుందని బడిలో తేల్చేశారు. తప్పితే దాన్ని కూడా కళ్లానికి తెమ్మంటాడు ముకద్దం; అప్పటికే ఒకసారి అడిగాడు. దేవేంద్ర నగర్‌లో ట్యూషన్ చెప్పే సార్ అడిగిన ఫీజు నా కూలిలో సగానికి దగ్గర. బేరమాడితే, "మీ పిల్లకి కూడికల నుంచి మొదలుపెట్టాలి బాయీ, అసలు నేను ఇంకా ఎక్కువ అడగాలి," అన్నాడు. అప్పుడే కెటిల్ పని అడిగాను.

కెటిల్ దగ్గర పనికి ఒక వరస ఉంది. ముందు ఆవిరి వాల్వు తిప్పి కట్టెయ్యాలి. లోపల బుస ఆగేదాకా ఆగాలి. ఆ తర్వాత తలుపుకి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, సుత్తితో తలుపు చీల ఊడగొట్టాలి. వరస తెలిసినా, సుత్తి పట్టుకోగానే రోజూ దాన్ని మొదటి నుంచి పైకి చెప్పుకునేదాన్ని. ఒకసారి అన్నం పెడుతూ, నేను కంచం ముందు కూడా ఆ వరస చెప్పుకోవడం పార్వతి వింది.

"ట్యూషన్ మానేస్తానే అమ్మా. నువ్వు కళ్లానికి దిగిపో."

"ముందు పదమూడో ఎక్కం చెప్పు," అన్నాను. చెప్పింది. సరో కాదో నాకు తెలియదు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున వాల్వు కట్టాను కానీ బుస ఆగలేదు. బయట లారీ కాచుకుని ఉంది.

"తవిటమ్మా, జల్దీ మార్, తొందరగా కొట్టు. లారీ ఖడీ హై," అన్నాడు ముకద్దం. "ఎదురుగా వచ్చి కొట్టు, దెబ్బ గట్టిగా పడుతుంది."

"బుస ఆగలేదు భయ్యా."

"నీ ఆద్మీ ఇంత భయపడేవాడు కాదు."

"ఆయన కెటిల్ దగ్గర చెయ్యలేదు."

కొట్టకపోతే రేపటి నుంచి మళ్లీ కళ్లమే అన్నాడు. కళ్లమంటే ట్యూషన్ ఆగిపోయినట్టే. సుత్తి ఎత్తాను. బుస ఇంకా వినిపిస్తూనే ఉంది. దించేసి, బాయిలరు చూసే ఫైర్‌మన్‌ని పిలవమన్నాను. అతను వచ్చి వాల్వు తిప్పి చూసి, అది పూర్తిగా పడటం లేదని, ఆవిరి ఇంకా లోపలికి పోతూనే ఉందని చెప్పి, బాయిలరు దగ్గరి పెద్ద వాల్వు కట్టాడు. చాలాసేపటికి బుస ఆగింది. పక్క నుంచి కొట్టాను. అయినా తలుపు విసురుగా తెరుచుకుని, నన్ను నిలబడమన్న చోటంతా మరిగిన నీళ్లు, వడ్లు పడ్డాయి.

ముకద్దం వెళ్లి లారీ డ్రైవరుకి బీడీ ఇచ్చాడు.

ఆ రోజంతా నాకు రెండు భయాలు. కళ్లానికి పంపించేస్తాడేమోనని ఒకటి, పంపించడేమోనని ఒకటి. ఏది పెద్దదో తేల్చుకోలేకపోయాను. మర్నాడు అతను గడ్డంతో కెటిల్ వైపు చూపించాడు. వాల్వు మార్చామన్నాడు. నేను ఫైర్‌మన్‌ని కూడా అడిగాకే సుత్తి పట్టుకున్నాను.

పార్వతి లెక్కల్లో గట్టెక్కింది. ఫలితం తెలిసిన వారమే అడిగి కళ్లానికి దిగిపోయాను. తర్వాత కెటిల్ పనికి వచ్చిన రేజాలెవరికీ నేను ధైర్యం చెప్పలేదు. ధైర్యం ఉన్నవాళ్లు ఎదురుగా నిలబడతారు. బుస ఆగకపోతే సుత్తి దించమని చెప్పాను. కూలి కోస్తామన్నా దించమని చెప్పాను.