మెత్తటి గొంతు

మణికొండ నుంచి నానక్‌రామ్‌గూడ వెళ్లే ఆఫీసు క్యాబులో అశ్విని రోజూ కళ్లు మూసుకుని కూర్చుంటుంది. నిద్ర కాదు, మైత్రీ ధ్యానం. పెదవులు కదలకుండా ముందు తనకు, తర్వాత కర్నూలులో ఉన్న చెల్లెలికి, ఆపైన వెనక హారన్ కొడుతున్న ప్రతివాడికీ క్షేమం కోరుకుంటుంది. ఎవరు మాట్లాడినా తల కాస్త పక్కకు వంచి చివరిదాకా వింటుంది. ఆ గుణం చూసే కంపెనీ ఆమెకు ఒక పని అప్పగించింది. ఉద్యోగం పోయిందన్న మాట మనుషులకు చెప్పడం. "నువ్వు చెబితే ఎవరూ గొడవ చేయరు" అన్నాడు మేనేజరు. మానేద్దామని చాలాసార్లు అనుకుంది. తన తర్వాత వచ్చేవాళ్లు మొహమైనా చూడకుండా చెబుతారేమోనన్న భయం ఆమెను ఆ కుర్చీలోనే కూర్చోబెట్టింది.

మొన్న ఇశ్రాయేలు వంతు వచ్చింది. టెస్టింగ్ టీములో తల నెరిసిన మనిషి. ఆమె మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపి, నెమ్మదిగా విషయం చెప్పి, "మీ బాధ నాకు అర్థమవుతోంది సార్" అంది. ఆయన గ్లాసు ముట్టలేదు. "మేడం, గిట్ల మెత్తగ మాట్లాడకుండ్రి. జర గట్టిగ కసురుండ్రి. మిమ్మల్ని తిట్టుకుంటనన్న ఇంటికి పోత. ఇప్పుడు నా కోపం ఎవరి మీద పెట్టుకోవాలె?"

ఆయన అడిగినట్టు కసురుదామనే అశ్విని నోరు తెరిచింది. మళ్లీ అదే మెత్తటి గొంతు వచ్చింది. "కాసేపు కూర్చోండి సార్." ఆయన లేచి వెళ్లిపోయాడు. అద్దాల తలుపు అవతల తర్వాతి అమ్మాయి బిక్కమొహంతో నిలబడి ఉంది. లోపల ఉన్నది అశ్విని అని చూడగానే ఆమె మొహం తేటపడింది. ఇంత మెత్తటి మనిషి చెడు మాట చెప్పదన్న ఆ నమ్మకం చూస్తూనే అశ్విని, ఇశ్రాయేలు ముట్టని గ్లాసు తీసి కొత్తది పెట్టింది.