బీరువాలోని 412

ఒక్క అంకె కూడా కల్పించి చెప్పడం లేదు. అన్నీ నోటుపుస్తకంలో ఉన్నాయి. నవంబరు పద్నాలుగు, గురువారం, రాత్రి రెండూ పది. మధురవాడలో మా ఫ్లాటు. నేనొక్కదాన్నే.

కంప్యూటర్‌కి జతచేసిన డిస్కుని మౌంటు అంటాం. ఏవేవి జతై ఉన్నాయో కెర్నెల్‌ని, అంటే కంప్యూటర్‌ని నడిపే మూల ప్రోగ్రాముని, అడిగే కొత్త పద్ధతి ఒకటి ఎనిమిది నెలలుగా రాస్తున్నాను. తెల్లారేసరికి ఆ కోడు కెర్నెల్ చూసుకునేవాళ్లకి పంపాలి. లెక్క తప్పితే ఎనిమిది నెలలూ వృథా. పాత పద్ధతిలో ఒక డిస్కు తీసేస్తే దాని నంబరు ఇంకోదానికి వెళ్లిపోయేది. నాకది నచ్చలేదు. ఒకసారి ఇచ్చిన నంబరు, యంత్రం ఆపేదాకా మరొకరికి ఇవ్వకూడదని పట్టుబట్టాను. ఎన్నాళ్లు నిలుస్తుందో చూద్దామని జులై ఒకటి నుంచి యంత్రాన్ని ఆపలేదు.

ముందు చేత్తో లెక్కపెట్టాను. ఇరవై ఆరు. తర్వాత కెర్నెల్‌ని అడిగాను.

ఇరవై ఏడు.

అదనంగా వచ్చిన నంబరు 412. పుస్తకం తిరగేశాను... ఆగస్టు రెండు. పోయిన మా ఆయన ఫొటోల డిస్కు. దినకార్యాలయ్యాక నేనే తీసి, బీరువాలో పెట్టి తాళం వేశాను.

నాతో పనిచేసే జైతూన్‌కి ఫోన్ చేశాను. వన్‌టౌన్‌లో ఉంటుంది. తనకీ నిద్ర తక్కువే.

"ఏటక్కా, ఇంకా పడుకోలేదా?"

"412 వచ్చిందే. మీ బావగారి డిస్కు."

"తీసేసినదాన్ని నీ కోడు తుడవలేదక్కా, అంతే. సచ్చినోళ్ల నంబర్లు కూడా దాసిపెడితే రారేటి మరి?" నవ్వింది. నేను నవ్వలేదని తెలిసి, "దాని వివరం అడిగి సూడు," అంది.

అడిగాను. అలాంటిది లేదు అని వచ్చింది.

అప్పుడే... పక్కగదిలో, బీరువాలో, ఏదో ఆగింది. అంతసేపూ గుర్ర్...మని తిరుగుతోందని, ఆగాకే తెలిసింది.

"అక్కా... ఉన్నావా?"

"ఉన్నాను."

తాళం తీశాను. చీరల కింద డిస్కు. తీగ లేదు. కరెంటు లేదు. చేతిలోకి తీసుకున్నాను...

వెచ్చగా ఉంది.

"ఏటైందక్కా?"

"ఏం లేదమ్మా. పడుకో."

తెల్లారింది. పంపలేదు. కోడంతా మూడుసార్లు చదివాను. తప్పు దొరకలేదు. రోజూ రెండూ పదికి అడుగుతున్నాను. ఇరవై ఆరే.

"నంబర్లు మొదట్నుంచీ రానీ. ఓసారి ఆపి మళ్లీ పెట్టి పంపీ అక్కా, నాను సూసుకుంటాను," అంటోంది జైతూన్.

తప్పో... ఆయనో... ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. కానీ ఆపితే 412 మరెవరికో వెళ్లిపోతుంది.

ఆపలేదు.