నాలుగో డబ్బాలోని గొట్టం

ప్రయోగశాలలో ఆమెను అందరూ పిట్టలక్క అనేవారు. ఇరవై ఒక్కేళ్లుగా అక్కడి ఆడపిట్టల ఆలనాపాలనా ఆమెదే. నేను ఆమె కింద పంజరాలు కడిగేదాన్ని.

మా పని ఇదీ. గదిలో దీపాలు రోజుకు ఎనిమిది గంటలే వెలిగిస్తాం. పిట్టలు చలికాలం అనుకుంటాయి, వాటి ఒంట్లో ఆడ హార్మోన్ అడుగంటుతుంది. అప్పుడు మగపిట్ట గొంతు చించుకుని పాడినా ఆడపిట్టకు పట్టదు, గింజలు ఏరుకుంటూ ఉంటుంది. దాని వీపు చర్మం కింద బియ్యపు గింజంత గొట్టం పెడతాం. గొట్టంలో హార్మోన్ ఉంటే పది రోజుల్లో అదే పాటకు తోక లేపి ఒళ్లంతా వణికిస్తుంది. పోల్చి చూడటానికి కొన్నిటికి ఖాళీ గొట్టాలు పెడతాం. ఏ డబ్బాలో ఏవి ఉన్నాయో ఈ ప్రయోగం నడిపే మేడం ఒక్కరికే తెలుసు. పాట వినిపించాక పిట్టను చంపి మెదడు కోసి చూస్తారు. హార్మోన్ ఉన్నదాని మెదడు పాటకు ఒకలా, ఉత్త బీప్ శబ్దానికి ఇంకోలా స్పందిస్తుంది. లేనిదానికి రెండూ ఒకటే.

"అది చెవిటిది కాదు చెల్లీ. వింటుంది. విని ఏం లాభం?" అనేది అక్క.

ఆమెకు నాలుగేళ్ల కిందట అండాశయాల్లో గడ్డ వస్తే రెండూ తీసేశారు. ఆ హార్మోన్ పుట్టేది వాటిలోనే. ప్రాణం దక్కింది గానీ బావ పాట దక్కలేదు. బావ తాళాలు బాగుచేసే మనిషి. పెళ్లికి ముందు వాళ్లింటి తలుపు తాళాన్ని బాగుచేసి, మళ్లీ తనే చెడగొట్టి, మెట్ల మీద కూర్చుని పాడేవాడట. మూడోసారి తాళం చెడిపోయేసరికి అక్క వాళ్లమ్మకు సంగతి అర్థమైందట. అలాంటి గొంతు వింటే ఆపరేషన్ తర్వాత ఆమెకు ఏమీ అనిపించేది కాదు. "కుళాయి కారుతున్నట్టు ఉంటుంది. పాపం, ఆయన తప్పేం లేదు," అనేది. బావ ఆమె మొహం చూసి చూసి పాడటమే మానేశాడు.

హార్మోన్ ఇమ్మని డాక్టర్‌ని అడిగితే, "గడ్డ తిరగబెడితే ఎవరిది పూచీ?" అని కసిరాడు. మేడంని అడిగితే, "మనుషులు పిట్టలు కాదమ్మా, మీకు పాట పట్టకపోవడానికి సవాలక్ష కారణాలుండొచ్చు," అంది.

ఒకరోజు పొద్దున్నే, మేడం రాకముందు, అక్క నాలుగో డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "ఇందులోది ఒకటి నా వీపున పెట్టు. నా చెయ్యి అందదు."

"నీకు మతిగాని పోయిందా? ఇంత పిట్టకి పెట్టేది నీ డెబ్బై కిలోలకి ఏ మూలకొస్తుంది? పనిచేస్తే ఆ రోగమే తిరగబెడుతుంది!"

"పోతే పోతాను. ఆయన పాడితే ఒక్కసారి నాకు పట్టాలి, అంతే. నాలుగో డబ్బా గొట్టాలు పెట్టిన పిట్టలు రెండ్రోజుల్నించి మహా హుషారుగా ఉన్నాయి. మందు ఇందులోనే ఉంది. ఇన్నేళ్లలో నా అంచనా ఎప్పుడైనా తప్పిందా?"

తప్పలేదు. అదే మా కొంప ముంచింది. పిట్టకు చేసినట్టే చేశాను: మొద్దుబార్చే మందు, చిన్న గాటు, గొట్టం, ఒక కుట్టు.

పదకొండో రోజు వెలిగిపోతున్న మొహంతో వచ్చింది. "పాడమన్నాను. చాలాసేపు బతిమాలించుకున్నాడు. రెండో చరణానికి ఒళ్లు ఝల్లుమంది చెల్లీ! ఏడ్చేశాను. ఆయనా ఏడ్చాడు, ముసలాడు." రెండు వారాలు అదే సంబరం. ఆమె కూనిరాగాలు తీస్తుంటే పిట్టల గదిలో చప్పుడేంటని మేడం రెండుసార్లు గద్దించింది. నాకు భయంగానూ ఉండేది, ముచ్చటగానూ ఉండేది.

ఆ తర్వాత మేడం లెక్కలు ముగించి, ఏ డబ్బాలో ఏముందో రాసి దాచిన చీటీ విప్పి చదివింది. నాలుగో డబ్బాలోవన్నీ ఖాళీ గొట్టాలు. నేను పక్కనే నేల ఊడుస్తున్నాను. ఒట్టు, నాకు కలిగింది సంతోషమే. ఇక ఆ రోగం రాదు! చీపురుతో సహా పరిగెత్తి, "అక్కా, బతికిపోయావ్! నీ వీపులో ఉన్నది ఖాళీది! మందూ లేదు, మాకూ లేదు!" అని అరిచాను. ఒక్క క్షణం ఆగి ఆలోచించలేదు. నా నోరు పడిపోవాలి.

ఆమె గింజల గిన్నె కింద పెట్టింది. "ఖాళీదా?"

"అయితే ఏం? పాట పట్టింది కదా!"

"పట్టింది," అంది నెమ్మదిగా.

మర్నాడు మొహం చూస్తేనే తెలిసిపోయింది. "నిన్న సాయంత్రం పాడాడు. ఏమీ లేదు."

"మొన్నటిదాకా ఉందిగా! గొట్టంలో ఏముంటే నీకెందుకు?" అని మండిపడ్డాను. తిట్టాను, బతిమాలాను. ఆఖరికి, మందున్న డబ్బాలోంచే ఒకటి తెచ్చి పెడతానన్నాను.

"వద్దు. నీ చేత్తో ఏం పెట్టినా ఇక నమ్మలేను," అంది. ఆ మధ్యాహ్నమే గొట్టం తీసేశాను.

కిందటి వారం వాళ్లింటికి వెళ్లాను. బావ ఇప్పుడు రోజూ పాడుతున్నాడు. కొత్త పాటలు కూడా నేర్చుకున్నాడట. ఆయన రెండో చరణం ఎత్తుకోగానే ఎదురుగా కూర్చున్న అక్క రుమాలు తీసి కళ్లకు అద్దుకుంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. ఆ కళ్లలో చుక్క తడి లేదు.

"చూశావా అమ్మా, మీ అక్క ఈ వయసులో కూడా నా పాటకి ఏడుస్తుంది," అన్నాడు బావ నాతో, గర్వంగా. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "ఇంకోటి పాడనా?"

"పాడు," అంది అక్క.