చివరి పాట దాకా

నీలవేణి పనిచేసే కాలేజీలో సంగీతం నేర్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ నేర్పడమంతా సవ్యంగా సాగేలా చూసేది మాత్రం ఆమె ఒక్కతే. అక్కడ ఒక్కో పిల్లకు విడిగా పాఠం చెబుతారు. ఏ పిల్ల ఏ టీచర్ దగ్గర, ఏ గదిలో, ఎప్పుడు కూర్చోవాలో చూడటం, తెగిన తీగలు తెప్పించటం, తబలాకు మనిషిని కుదర్చటం, ఏడాది చివర పిల్లల కచేరీ జరిపించటం ఆమె పనులు. కాగితం మీద మాత్రం ఆమె ఆఫీస్ అసిస్టెంట్.

ఆమెకు సంగీతం రాదు. చదివింది ఎం.కాం. తండ్రి సింహాచలం విజయనగరం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి, రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరై, ఇక్కడే పోయాడు. ఇప్పుడామె ఆ ఊళ్లోనే తోర్వా పేటలో తల్లి అప్పయమ్మతో ఉంటోంది. ఈ పని ఒప్పుకున్న రోజు తల్లి విస్తుపోయింది.

"పాట రాన్దానికి పాటల ఆఫీసు ఇచ్చీసినారేటే? ఆళ్లకి ఇంకెవులూ దొరకనేదా?"

"వంట రానోళ్లు ఓటల్ నడపట్లేదేటమ్మా?" అంది నీలవేణి.

ఆమె చేరేనాటికి పిల్లలు మెట్ల మీద కూర్చుని టీచర్ల కోసం ఎదురుచూసేవారు. ఒకే గదిని ఇద్దరికి ఇచ్చిన సందర్భాలుండేవి. అవన్నీ ఆమె చక్కబెట్టుకుంటూ వచ్చింది. ఏ రాగమేదో చెప్పలేకపోయినా, తలుపు బయట నిలబడి వింటే లోపలి పిల్ల బెదిరిపోతోందా, ఇష్టంగా పాడుతోందా అన్నది ఆమెకు తెలిసిపోయేది.

ఆమె జరిపించిన మొదటి కచేరీకి హాలు నిండిపోయింది. నీలవేణి మురిసిపోయింది. కానీ ఎవరి పిల్ల పాట అవగానే వాళ్లు లేవటం మొదలుపెట్టారు. ఫోన్లో వీడియో తీసుకున్నారు, పిల్లను స్టేజీ మీంచి దింపుకున్నారు, వెళ్లిపోయారు. పాట పాటకూ హాలు పలచబడింది. చివరి పాట తేజస్విది. ఊరి చివర లాల్‌ఖదాన్ పేట పిల్ల. తండ్రి పోలయ్య రైల్వే క్యారేజ్ షెడ్‌లో ఫిట్టర్. డ్యూటీ దిగి నూనె మరకల బట్టలతోనే పరుగున వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. అప్పటికి వినేవాడు అతనొక్కడే. వెనక కుర్చీలు సర్దేవాళ్లు ఒకదాని మీద ఒకటి పడేస్తూ టకటకలాడిస్తున్నారు. ఆ చప్పుడులోనే తేజస్వి పాట పూర్తి చేసింది.

నీలవేణి ఆ తండ్రి దగ్గరికి వెళ్లింది. "ఏటీ అనుకోకండి పోలయ్య గారూ. అందరూ ఎల్లిపోనారు."

"ఏటనుకుంతాను మేడమ్? మా గుంట పాట నా ఒక్కడి కోసరమే పెట్టినట్టుంది," అని నవ్వాడతను. తేజస్వి నవ్వలేదు. "నాన్నా, చలో," అని తల వంచుకుని నడిచింది.

ఆ రాత్రి నీలవేణి అన్నం ముందు ఊరికే కూర్చుంది. "ఏటయ్యిందే?" అంది తల్లి.

"భోజనానికి పిలిచి ఖాళీ విస్తరి ఏసినట్టయ్యిందమ్మా ఆ పిల్లకి."

తరువాతి ఏడాది చిన్న కార్యక్రమం ఒకటి పెట్టినప్పుడు చివర్లో టిఫిన్ ఉందని చెప్పి చూసింది. జనం బయటకెళ్లి, సరిగ్గా టిఫిన్ వేళకు తిరిగొచ్చారు. టీచర్లు నవ్వి ఊరుకున్నారు.

ఒక సాయంత్రం గాత్రం గదిలో శ్రుతిపెట్టె పాడైంది. శ్వేత అనే పిల్ల పాడాలి. తరువాతి పాఠం కోసం కాచుకుని ఉన్న తేజస్వి మూలనున్న తంబురా తీసుకుని మీటుతూ కూర్చుంది. నీలవేణి తలుపు దగ్గర నుంచి చూసింది. తంబురా మీటే పిల్ల తన చెవినంతా ఎదుటి పిల్ల పాట మీదే పెట్టింది. ఒక్కసారి కూడా ఫోన్ వైపు చూడలేదు, గడియారం వైపు చూడలేదు.

మర్నాడు గాత్రం టీచర్ సీతాలక్ష్మి దగ్గరికి వెళ్లింది. భర్త బ్యాంకు ఉద్యోగం వల్ల రాజమండ్రి నుంచి వచ్చిన పెద్దావిడ ఆమె.

"ఈసారి కచేరీలో శ్రుతిపెట్టె వద్దండి. ప్రతి పిల్లా ఇంకో పిల్లకి తంబురా వెయ్యాలి. ఆ పిల్ల గురించి నాలుగు మాటలు కూడా తనే చెప్పాలి. మొదట పాడిన పిల్ల చివర్లో తంబురాతో కూచుంటే, ఆళ్లింటోళ్లు ఎక్కడికెళ్తారు?"

సీతాలక్ష్మి ఫక్కున నవ్వింది. తరువాత ఆలోచనలో పడింది. "తంబురా వెయ్యడం అంత తేలికనుకున్నావా అమ్మా? శ్రుతి కలపడం వీళ్లలో ఎంతమందికి వచ్చు?"

"మీరు నేర్పండి. దానికి గదీ, టైమూ నేను చూస్తాను."

అలా కొత్త పాఠం ఒకటి మొదలైంది. ఎవరు ఎవరికి తంబురా వెయ్యాలో నీలవేణి కూర్చి పెట్టింది. ముందు పాడేవాళ్లకు వెనక పాట, వెనక పాడేవాళ్లకు ముందు పాట. తేజస్వి వచ్చి, "ఆఖరిది నాకే ఇవ్వండి మేడమ్," అంది. "వద్దే, పోయినసారి నీకలా అయ్యింది గదా," అంటే, "అందుకే," అని మాత్రం అంది.

కచేరీ దగ్గరపడ్డాక శ్వేత తండ్రి రవిచంద్ర వచ్చాడు. బొగ్గు కంపెనీలో పెద్ద ఉద్యోగి.

"మా శ్వేతది మొదటి పాట కదండీ. అది కాగానే మేం వెళ్లాలి. మీరేమో చివరిదాకా ఉండమంటున్నారట."

"అవునండీ. తేజస్వి పాటకి శ్వేత తంబురా వెయ్యాలి."

"తంబురా వెయ్యడానికా మేం ఇక్కడ చేర్పించింది?"

నీలవేణి తొణకలేదు. "శ్వేత పాటకి తంబురా వేసేది తేజస్వే సార్. ఇద్దరికీ ఒకటే పద్ధతి."

ఆయన నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాడు. ప్రిన్సిపాల్ ఆమెను పిలిచి, ఒక్కరికి మినహాయింపు ఇస్తే పోయేదేముందని హిందీలో అడిగాడు. నీలవేణీ హిందీలోనే జవాబిచ్చింది. ఒక్కరు వెళ్తే ఇంకొకరూ వెళ్తారు, చివరికి మళ్లీ కుర్చీలే మిగులుతాయి. అదే కావాలంటే ఆఖరి పాటకు తన పేరు రాయించమని, కుర్చీలకు తనే పాడి వినిపిస్తానని అంది. ఆమె గొంతు సంగతి ఎరిగిన ప్రిన్సిపాల్ పగలబడి నవ్వాడు. మార్పేమీ చెయ్యక్కర్లేదన్నాడు.

కచేరీ రోజు శ్వేత బాగా పాడింది. చప్పట్లు అయ్యాక రవిచంద్ర అలవాటుగా లేచాడు. శ్వేత దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"పప్పా, బైఠియే నా, కూర్చోండి. తేజస్వి నాకోసం తంబురా వేసింది. నేనెళ్లిపోతే ఎట్లా?"

ఆయన అందరి ముందూ అయిష్టంగానే కూర్చున్నాడు. మొదట్లో చాలామంది అలాగే, తప్పక కూర్చున్నారు. కానీ ఒక్కో పిల్లా మరో పిల్ల గురించి చెబుతుంటే మెల్లగా తలలు పైకి లేచాయి. వచ్చేది ఎవరి పిల్లో తెలిశాక పాట మీద ధ్యాస కుదిరింది. వెనక వరసలో అప్పయమ్మ పక్కావిడతో, "కూకున్నోళ్లు కూకున్నట్టే ఉన్నారు, సూసినావా? మా నీల పెట్టించిందమ్మా ఇదంతా," అంటోంది.

ఆఖరున శ్వేత మైకు దగ్గరికొచ్చింది. హిందీలో మొదలుపెట్టి, తడబడుతూ తెలుగులోకి వచ్చింది. "మనం ఎక్కే బోగీలు తేజస్వి వాళ్ల నాన్నగారు బాగుచేస్తారు. తేజస్వి పాట నేను రోజూ వింటాను. మీరూ వినండి." అని తంబురా అందుకుంది.

పోలయ్యకు కూర్చునే చోటు దొరకలేదు. గోడకానుకుని నిలబడి విన్నాడు. తేజస్వి తొందరపడకుండా, ఒక్కో మాటనూ నిలబెడుతూ పాడింది. అది ఏ రాగమో నీలవేణికి తెలియదు. హాల్లో ఒక్క కుర్చీ కదలలేదన్నది తెలుసు. చప్పట్లు ఎంతకీ ఆగకపోతే పక్కగదిలోకి వెళ్లి, కళ్లు తుడుచుకుని వచ్చింది. వెళ్లేముందు రవిచంద్ర ఆమెకు నమస్కారం పెట్టి, "మంచి పని చేశారు," అన్నాడు.

సెలవుల తరువాత ఆమె ఉద్యోగం పేరు మారింది. గది బయట బోర్డు రాయించుకోమన్నారు. హిందీ, ఇంగ్లీషులతో పాటు తెలుగులోనూ ఉండాలని ఆమె పట్టుబట్టింది. పెయింటర్‌కు తెలుగు రాదు. కాగితం మీద పెద్ద అక్షరాలు రాసిచ్చింది. అతను 'నిర్వాహకురాలు' దగ్గర ఒక కొమ్ము మరిచిపోయాడు.

"ఇక్కడ తెలుగు చదివేవాళ్లెవరున్నారు మేడమ్, వదిలేయండి," అన్నాడు హిందీలో.

"నేనున్నాను," అంది నీలవేణి. కుర్చీ తెచ్చుకుని, అతను ఆ అక్షరం చెరిపి మళ్లీ రాసేదాకా అక్కడే కూర్చుంది.